హజ్రత్ జాఫర్ ఇంట్లో కలిపిన పిండి

అమ్మీ ఇంతెఖాల్ అయిన మూడో రోజు మా పెరట్లో రెండు దేగులు ఎక్కాయి. జియారత్ ఖానా. బియ్యం ఎన్ని కిలోలు పోయాలి, దాల్చా అందరికీ వస్తుందా, పెరుగు చట్నీకి ఉల్లిగడ్డలు ఎవరు తరుగుతారు అని లెక్కలు వేసుకుంటూ నేను పొద్దున్నించీ తిరుగుతూనే ఉన్నాను. అబ్బా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఖానా తిన్నారా?" అని అడుగుతున్నారు. ఆయన తిన్నారా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

నా చెల్లెలు వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఏడవలేదు. వచ్చినవాళ్ళంతా "ఎంత సబర్ ఉన్న పిల్ల" అని మెచ్చుకుని వెళ్ళారు. నేనూ అలాగే అనుకున్నాను. చాలీస్వాఁ కూడా దాటాక, బుగ్గలు లోపలికి పోయి, రాత్రిళ్ళు నిద్రలేక, వాళ్ళాయన భయపడి తీసుకొచ్చి మా ఇంట్లో దింపాక అసలు సంగతి చెప్పింది. జనాజా లేచే ముందు దూరపు చుట్టం ఒకావిడ తన చెవిలో అన్నదట: "రో నక్కో బేటీ. నువ్వు ఎంత ఏడిస్తే ఖబర్‌లో మీ అమ్మీకి అంత అజాబ్."

"నిజమేనా భాయ్?" అని అడిగింది.

నేను ఆలిమ్‌ని కాను. తారీఖ్ పుస్తకాలు చదివే పిచ్చి ఉన్నవాణ్ణి, అంతే. జవాబు తెలిసినవాణ్ణి కాదు కాబట్టి పుస్తకాలే తీశాను. మన మొదటి తరం వాళ్ళు, సహాబా, వాళ్ళ ఇళ్ళలో మయ్యత్ జరిగినప్పుడు అసలు ఏం చేశారు? ఎవరు వండారు, ఎవరు తిన్నారు, ఎవరు ఏడ్చారు, ఎన్నాళ్ళు ఏడ్చారు? మసాయిల్ కాదు, జరిగిన సంగతులు వెతికాను. వెతకడం మొదలుపెట్టాక ఒక ఇంటి దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. అది మదీనాలో హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (ర.అ) ఇల్లు.

జాఫర్ గారు ప్రవక్త (స) కి స్వయానా పెదనాన్న అబూ తాలిబ్ కొడుకు. హజ్రత్ అలీ (ర.అ) కి అన్న. మక్కాలో జుల్మ్ భరించలేక హబషాకు హిజ్రత్ చేసినవాళ్ళకు పెద్దగా నిలిచి, నజాషీ దర్బారులో మాట్లాడింది ఆయనే. బేగం అస్మా బిన్తె ఉమైస్ (ర.అ) కూడా ఆయన వెంటే ఆ పరాయి దేశం వెళ్ళారు. ముగ్గురు కొడుకులు, అబ్దుల్లా, ముహమ్మద్, ఔన్, అక్కడే పుట్టారు. ఎన్నో ఏళ్ళ తర్వాత హిజ్రీ 7లో, ఖైబర్ విజయం వేళకు, ఆ కుటుంబం మదీనా చేరింది. ఖైబర్ గెలిచినందుకు ఎక్కువ ఖుషీ పడాలో, జాఫర్ వచ్చినందుకు పడాలో తెలియడం లేదని ప్రవక్త (స) అన్నట్టు సీరత్ గ్రంథాల్లో ఉంది. ఇంత ఎదురుచూసిన మనిషి మదీనాలో ఉన్నది ఏడాదికి కొంచెం ఎక్కువ. హిజ్రీ 8, జమాదివుల్ అవ్వల్‌లో, అంటే క్రీ.శ. 629లో, ఇప్పటి జోర్డాన్ ప్రాంతంలోని మూతాకు మూడు వేల మందితో లష్కర్ వెళ్ళింది. జైద్ బిన్ హారిసా, ఆయన తర్వాత జాఫర్, ఆయన తర్వాత అబ్దుల్లా బిన్ రవాహా, ముగ్గురు సేనానులూ ఒకరి తర్వాత ఒకరు షహీదులయ్యారు.

ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో అస్మా గారే చెప్పుకున్నారు. ఆ రివాయత్ ఇబ్నె ఇస్హాఖ్ సీరత్‌లో ఉంది. ఆవిడ అప్పటికి తోళ్ళు పదును చేసే పని ముగించారు. రొట్టెలకు పిండి కలిపి పెట్టారు. పిల్లల మొహాలు కడిగి, తలకు నూనె రాసి తయారు చేశారు. మామూలు రోజు. అప్పుడు ప్రవక్త (స) వచ్చి జాఫర్ పిల్లల్ని పిలవమన్నారు. పిల్లల్ని దగ్గరికి తీసుకుని వాసన చూశారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆవిడకు అర్థమైపోయింది. జాఫర్ గురించి ఏదైనా ఖబర్ వచ్చిందా అని అడిగారు. అవును, ఈ రోజే షహీద్ అయ్యారని చెప్పారు. ఆవిడ లేచి గట్టిగా ఏడ్చారు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు.

ఇక్కడ చూడండి. సబర్ చెయ్యమని పెద్ద ఖుత్బా ఏదీ ఆ రివాయత్‌లో లేదు. ప్రవక్త (స) బయటికి వెళ్ళి తన ఇంటివాళ్ళకు ఒక పని చెప్పారు: జాఫర్ ఇంటివాళ్ళను పట్టించుకోవడం మరవకండి, వాళ్ళకు అన్నం వండి పంపండి, వాళ్ళు తమ దుఃఖంలో ఉన్నారు అని.

నాకు ఆ కలిపిన పిండి మీదికే మనసు పోతుంది. పిండి సిద్ధంగానే ఉంది. పొయ్యి ముట్టిస్తే రొట్టెలు అవుతాయి. ఆవిడ పేద ఇంటి మనిషీ కాదు, చేతకాని మనిషీ కాదు. అయినా ఆ రోజు ఆ ఇంటి పొయ్యి ఆ ఇంటివాళ్ళ చేత వెలిగించకూడదని ఆయన తలచారు. వేరే ఇంటి నుంచి ఖానా రావాలి.

మరి మా ఇంట్లో? మూడో రోజుకే మేము రెండు వందల మందికి వండాం. సహాబీ జరీర్ బిన్ అబ్దుల్లా (ర.అ) చెప్పిన మాట ఒకటి ఇబ్నె మాజాలో ఉంది. దఫన్ తర్వాత మయ్యత్ ఇంట్లో జనం పోగవడం, ఆ ఇంటివాళ్ళు వండి పెట్టడం, దీన్ని తాము నౌహా కిందే, అంటే శోకాలు పెట్టడం కిందే, లెక్క కట్టేవాళ్ళమని. ఇక్కడ మస్లకుల తగాదా మొదలుపెట్టే ఉద్దేశం నాకు లేదు. ఈసాలె సవాబ్ గురించి మన ఊళ్ళలో జరిగినన్ని పంచాయతీలు చాలు. ఫాతెహా ఇచ్చేవారు ఇస్తారు, ఇవ్వనివారు ఇవ్వరు. నేను అడిగేది అది కాదు. మా అమ్మీ పోయిన మూడో రోజు ఉల్లిగడ్డల లెక్క నా చేతిలో ఎందుకు ఉంది అన్నది నా ప్రశ్న. అప్పు చేసి చాలీస్వాఁ చేసినవాళ్ళు మా మొహల్లాలోనే ఉన్నారు. ఆ బాకీ తీర్చే తొందరలో ఏడవడానికి తీరిక దొరకని కొడుకులు ఉన్నారు.

ఉత్తరాదిన 'కడ్వీ రోటీ' అనే మాట ఉంది. మయ్యత్ ఇంటికి బంధువులు పంపే ఖానాను అలా అంటారు. మన తెలుగు ఊళ్ళలో దానికి ప్రత్యేకంగా పేరు పెట్టుకోకపోయినా పని మాత్రం ఉంది. అమ్మీ పోయిన రోజు సాయంత్రం మా ఇంట్లోకి వచ్చిన మొదటి అన్నం మా రిష్తేదార్లు తెచ్చింది కాదు. పక్కింటి పెద్దమ్మ, హిందూ ఆవిడ, ముప్ఫై ఏళ్ళుగా అమ్మీతో గోడ మీద నుంచి గిన్నెలు మార్చుకున్న మనిషి, స్టీలు క్యారియర్‌లో పప్పన్నం, చారు తెచ్చి పెట్టింది. ఏమీ మాట్లాడలేదు. అబ్బాకు కంచంలో పెట్టి, ఆయన నాలుగు ముద్దలు తినేదాకా ఎదురుగా నిలబడింది. ఆ ఒక్క పూటే అబ్బా సరిగ్గా తిన్నారు.

హజ్రత్ ఆయెషా (ర.అ) ఇంట్లో ఒక అలవాటు ఉండేది. అది బుఖారీలో ఉంది. వాళ్ళ కుటుంబంలో ఎవరైనా పోతే ఆడవాళ్ళు పోగయ్యేవాళ్ళు. తర్వాత వెళ్ళిపోయేవాళ్ళు. ఇంటివాళ్ళూ బాగా దగ్గరివాళ్ళూ మిగిలాక అప్పుడు ఆవిడ తల్బీనా కాయించేవారు. తల్బీనా అంటే పల్చటి జావ. బార్లీ పిండితో కాస్తారు, కొందరు పాలూ తేనె కలుపుతారు. రొట్టె ముక్కల మీద దాన్ని పోయించి, తినండి అనేవారు. ఇది మనసుకు నెమ్మది ఇస్తుందని, గమ్‌లో కొంత తీసేస్తుందని తాను ప్రవక్త (స) నోట విన్నానని చెప్పేవారు. 'కొంత' తీసేస్తుందట. మొత్తం కాదు. ఆ ఒక్క మాట నాకు చాలా నచ్చింది. అందరూ వెళ్ళిపోయాక కాయడం ఇంకా నచ్చింది. తాజియత్‌కు వచ్చినవాళ్ళు ఉన్నంతసేపూ మనిషి నిలబడగలడు. చెప్పులన్నీ పోయి వాకిలి ఖాళీ అయ్యాకే కూలిపోతాడు. ఆ గంట సంగతి ఆవిడకు తెలుసు.

చెల్లెలి ప్రశ్నకు వస్తాను. ఏడిస్తే మయ్యత్‌కు అజాబ్ అన్న మాట ఆ చుట్టం కల్పించింది కాదు. హజ్రత్ ఉమర్ (ర.అ), ఆయన కొడుకు అబ్దుల్లా (ర.అ) ఇద్దరూ అలాంటి రివాయత్ చెప్పారు. హజ్రత్ ఉమర్ కత్తిపోట్లతో పడి ఉన్నప్పుడు సుహైబ్ (ర.అ) ఏడుస్తూ వస్తే ఆయన ఆ మాట చెప్పే వారించారు. అయితే ఉమర్ గారి వఫాత్ తర్వాత ఇబ్నె అబ్బాస్ (ర.అ) ఆ సంగతి హజ్రత్ ఆయెషా దగ్గర ఎత్తితే ఆవిడ ఒప్పుకోలేదు. ఉమర్ మీద అల్లాహ్ రహమ్ చేయుగాక అంటూనే, ప్రవక్త (స) ఈమాన్ ఉన్నవాళ్ళ గురించి అలా చెప్పలేదన్నారు. ఒకరి బరువు ఇంకొకరు మోయరన్న ఖుర్ఆన్ ఆయత్ మీకు చాలదా అని అడిగారు. ఇంకో రివాయత్‌లో ఆవిడ వివరంగా చెప్పారు: ఒక యూదు స్త్రీ చనిపోతే ఆమె వాళ్ళు ఏడుస్తున్నారు; వాళ్ళు ఇక్కడ ఏడుస్తున్నారు, ఆమె అక్కడ తన ఖబర్‌లో అజాబ్ పడుతోంది అని ప్రవక్త (స) అన్నారు; విన్నవాళ్ళు రెండింటినీ ముడి వేశారు.

తర్వాతి ఉలమా ఈ రెండు రివాయతుల మధ్య దారి వెతికారు. జాహిలియ్యత్ కాలపు అరబ్బులు తాము చచ్చాక బట్టలు చించుకుని, చెంపలు బాదుకుని, డబ్బిచ్చి శోకాలు పెట్టేవాళ్ళను పిలిపించి ఏడిపించమని వసియ్యత్ చేసేవాళ్ళు. ఆ హెచ్చరిక అలాంటి వసియ్యత్ చేసిపోయినవాళ్ళకని చాలామంది చెప్పారు. మా అమ్మీ చేసిన వసియ్యత్ ఒక్కటే, తన కుట్టుమిషన్ చెల్లెలికి ఇవ్వమని.

ఒక సంగతి దాచి, సగం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ జాఫర్ గారి ఇంట్లోనే ఆడవాళ్ళ శోకాలు ఎక్కువైతే ప్రవక్త (స) వాళ్ళను ఆపమని ఒక మనిషిని పంపారు. అతను పోయి వచ్చి వినడం లేదన్నాడు. మళ్ళీ పంపారు. మళ్ళీ వచ్చి అదే మాట. మూడోసారికి ఆయన నోట గట్టి మాటే వచ్చింది. హజ్రత్ ఆయెషా తలుపు సందులోంచి చూస్తున్నారు. ఆవిడకు కోపం వచ్చింది ఏడ్చే ఆడవాళ్ళ మీద కాదు, ఆ మనిషి మీద. చెప్పిన పని చేయలేడు, గమ్‌లో కూర్చున్న రసూలుల్లాను ఊరికే వదలడు అని. తాజియత్ ఇళ్ళలో ఇలాంటి మనిషి ఒకడు ఇప్పటికీ కనిపిస్తాడు. ఎవరు ఎలా ఏడుస్తున్నారో పెద్దలకు ఖబర్ మోస్తూ ఉంటాడు.

కాబట్టి గోల పెట్టడం వేరు, కన్నీళ్ళు వేరు. ఈ తేడా ఎంత స్పష్టంగా ఉందో చూడాలంటే హిజ్రీ 10కి రావాలి. ప్రవక్త (స) కొడుకు ఇబ్రాహీమ్, హజ్రత్ మారియా ఖిబ్తియా కడుపున పుట్టిన బిడ్డ, ఏడాదిన్నర వయసు. పాలిచ్చి పెంచే దాయా భర్త అబూ సైఫ్ కమ్మరి. ఆ ఇల్లు కొలిమి పొగతో నిండి ఉండేదని, ప్రవక్త (స) వస్తుంటే తాను ముందు పరిగెత్తి తిత్తి ఆపమని చెప్పేవాణ్ణని హజ్రత్ అనస్ (ర.అ) గుర్తు చేసుకున్నారు. బిడ్డ ప్రాణం పోతుంటే ఆయన కళ్ళు నిండి కారాయి. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర.అ) ఆశ్చర్యపోయారు. మీరు కూడానా యా రసూలల్లాహ్ అన్నారు. ఇది రహ్మత్ అని జవాబు. కన్ను ఏడుస్తుంది, దిల్ బాధపడుతుంది, నోరు మాత్రం రబ్‌కు నచ్చని మాట అనదు అన్న అర్థం వచ్చేలా చెప్పారు. బిడ్డ పేరు పిలిచి, నీ జుదాయీ మాకు గమ్ మిగిల్చిందన్నారు.

ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కలు కట్టినవాళ్ళు దాన్ని 632 జనవరి 27గా గుర్తించారు. ఊరంతా ఒకే మాట: ఇబ్రాహీమ్ పోయినందుకు సూరజ్ కూడా చీకటైంది. కొడుకు పోయిన తండ్రికి ఇంతకన్నా తీపి మాట ఏముంటుంది? ఊరుకున్నా చాలు, ఆ మాట వెయ్యేళ్ళు నిలిచేది. ఆయన ఊరుకోలేదు. గ్రహణ నమాజు చదివించి, సూర్యచంద్రులు అల్లాహ్ నిషానీలు, ఎవరి మౌత్ వల్లా హయాత్ వల్లా వాటికి గ్రహణం పట్టదని చెప్పారు. గమ్ ఎంత పెద్దదైనా అబద్ధం ఆసరాగా తీసుకోలేదు.

ఈ ముక్క చదివి వినిపించిన రాత్రి నా చెల్లెలు ఏడ్చింది. అబ్బా లోపలి గదిలో మేలుకునే ఉన్నారు. ఆపమని చెప్పలేదు.

ఇక ఎన్నాళ్ళు? జాఫర్ గారి ఇంటికి ప్రవక్త (స) మూడు రోజులు గడువు ఇచ్చి మళ్ళీ వచ్చారు. ఈ రోజు తర్వాత నా భాయి కోసం ఏడవకండి అన్నారు. పిల్లల్ని పిలిపించారు. వాళ్ళు అప్పుడు ఈకలు రేగిన పక్షి పిల్లల్లా ఉన్నామని పెద్ద కొడుకు అబ్దుల్లా తర్వాత చెప్పుకున్నారు. హజ్జామ్‌ను పిలవమన్నారు. మంగలి వచ్చి ముగ్గురి తలలూ గొరిగాడు. తల్లి వాళ్ళ యతీమీ గురించి బాధపడితే, వీళ్ళకు దునియాలోనూ ఆఖిరత్‌లోనూ నేను వలీగా ఉండగా పేదరికానికి భయమా అన్నారు. మంగలిని పిలవడం అన్న ఆ చిన్న పని మీద నాకు ఎంతో ఇష్టం. మూడు రోజులుగా ఎవరూ దువ్వని తలలు. మాటలతో కాదు, కత్తెరతో, నీళ్ళతో ఆ పిల్లల్ని మళ్ళీ మామూలు రోజులోకి తెచ్చారు. ఆ అబ్దుల్లా బిన్ జాఫర్ పెద్దయ్యాక అరబ్బుల్లో సఖావత్‌కు, అడిగినవాడికి లేదనకుండా ఇవ్వడానికి, పేరుపడ్డారు.

మూడు రోజులు అంటే మరిచిపోవడానికి గడువు అనుకుంటే పొరపాటు. అది మనిషిని గమ్‌లో బంధించి ఉంచకుండా పెట్టిన హద్దు. జాహిలియ్యత్‌లో భర్త పోయిన ఆడది ఇరుకు కొట్టంలో, మాసిన బట్టల్లో, ఖుష్బూ ముట్టకుండా పూర్తి ఏడాది గడిపేది. దాన్ని తీసేసి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పెట్టారు. భర్త కాని మిగతావాళ్ళ కోసం సోగ్ మూడు రోజులే. ఉమ్ముల్ మోమినీన్ ఉమ్మె హబీబా (ర.అ) తండ్రి అబూ సుఫ్యాన్ పోయిన ఖబర్ వచ్చిన మూడో రోజున ఖుష్బూ తెప్పించుకుని చెంపలకు రాసుకున్నారు. నాకు ఇప్పుడు దీని అవసరం ఏమీ లేదు, హద్దు ఉంది కాబట్టి రాసుకుంటున్నాను అని చెప్పి మరీ రాసుకున్నారు. మనసులో ఖుష్బూ లేకుండానే. ఆ నిజాయితీ ముందు మన "సబర్ వచ్చేసింది" అనే నటన ఎందుకు?

అస్మా గారి జీవితమూ అక్కడ ఆగలేదు. తర్వాత హజ్రత్ అబూబక్ర్ (ర.అ) ను నికాహ్ చేసుకున్నారు. హిజ్రీ 13లో ఆయన పోతే ఆ మయ్యత్‌కు గుసుల్ ఇచ్చిందీ ఆవిడే. ఆ తర్వాత హజ్రత్ అలీ ఇంటికి వెళ్ళారు. హబషాలో కన్న పిల్లలు, మదీనాలో కన్న పిల్లలు, అందరినీ పెంచారు.

ఇవన్నీ ఒక రాత్రి అబ్బాకు చెప్తుంటే ఆయన చాలాసేపు విని ఒకే మాట అన్నారు: "ఇదంతా పక్కింట్లో పొయ్యి ఉన్నప్పటి సంగతి బేటా. పక్కిల్లు కూడా కొట్టుకుపోతే?"

అబ్బా చిన్నప్పుడు హైదరాబాద్‌లో చదివారు. ఆయన ఉస్తాద్ ఒకాయన అమ్జద్ హైదరాబాదీ రుబాయీలు నోటికి చెప్పేవారట. ఆ అమ్జద్ గారి సంగతే అబ్బా ఎత్తింది.

1908 సెప్టెంబర్ 28. హిజ్రీ 1326, మాహె రంజాన్ అప్పుడే మొదలైంది. మూసీ పొంగింది. హైదరాబాదీలు ఇప్పటికీ 'తుగ్యానీ సితంబర్' అంటారు. సుమారు 15,000 మంది పోయారని, 19,000 ఇళ్ళు కూలాయని, 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయిందని అంచనాలు. వంతెనలు తెగాయి. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెప్తారు. ఉస్మానియా ఆసుపత్రిలో ఆ చెట్టు ఇంకా ఉంది. ఏటా అదే తారీఖున కొందరు దాని కింద చేరి పోయినవాళ్ళను తలుచుకుంటారు.

ఆ రోజు అమ్జద్ కళ్ళముందు తల్లి, భార్య, కూతురు నీళ్ళలో పోయారు. ఆయన ఒక్కరే మిగిలారు. జనాజా నమాజుకు నిలబడదామంటే ఎదురుగా మయ్యత్ లేదు. తాజియత్‌కు రావడానికి మొహల్లా లేదు. అన్నం పంపడానికి పక్కింట్లో మనిషి లేడు. జాఫర్ గారి ఇంటికి దొరికిన ఏ ఆసరా ఆయనకు దొరకలేదు.

ఆ రోజుల్లో ఊరికి ఊరే మయ్యత్ ఇల్లు. అప్పుడు పక్కింటి పని సర్కార్ చేయాల్సి వచ్చింది. ఆరో నిజామ్ మీర్ మహబూబ్ అలీ ఖాన్ మహళ్ళ తలుపులు తెరిపించారు, వండి పెట్టే ఏర్పాట్లు చేయించారు. జాఫర్ ఇంటికి అన్నం పంపమన్న ఆ హుకుమ్, వేల ఇళ్ళ కొలతకు పెరిగితే ఇలాగే ఉంటుందేమో. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి మళ్ళీ ఇలా జరగకుండా ఏం చేయాలో అడిగారు. ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది, హిమాయత్ సాగర్ 1927లో. ఆ చెరువుల నీళ్ళు తాగిన ఎంతమందికి అవి ఎవరి చావుల మీద కట్టినవో తెలుసు?

అమ్జద్ ఏం చేశారు? రాశారు. చూసినదాన్ని 'ఖయామతె సుగ్రా' అనే నజ్మ్‌గా రాశారు. చిన్న ఖయామత్ అని ఆ పేరు. రుబాయీకి ఉర్దూలో ఆయన పేరే మారుపేరు అయ్యేంతగా రాశారు. 'హకీముష్షుఅరా' అన్నారు జనం. మళ్ళీ నికాహ్ చేసుకున్నారు, హజ్‌కు వెళ్ళారు, ఆ సఫర్ గురించీ రాశారు. ఆ వరద తర్వాత 53 ఏళ్ళు బతికి 1961లో ఇంతెఖాల్ అయ్యారు. ఆయన్ను అందరూ తవక్కుల్ షాయర్ అంటారు. ఆ తవక్కుల్ ఏ నీళ్ళలోంచి నడిచి వచ్చిందో మాత్రం తక్కువగా చెప్తారు. అబ్బా ఉస్తాద్ అదే చెప్పేవారట. ఆ రుబాయీలను హాయిగా కూర్చుని రాసినవిగా చదవకండ్రా అని.

గమ్ 53 ఏళ్ళు ఉంటుందా? హజ్రత్ ఖదీజా (ర.అ) వఫాత్ క్రీ.శ. 619లో. పెదనాన్న అబూ తాలిబ్ కూడా అదే ఏడాది. సీరత్‌లో దానికి 'ఆముల్ హుజ్న్' అని పేరు, గమ్ సంవత్సరం. పాతికేళ్ళ కాపురం. తర్వాత అయిదేళ్ళు గడిచాయి, హిజ్రత్ అయింది, బద్ర్ జరిగింది. బద్ర్ ఖైదీల్లో ప్రవక్త (స) అల్లుడు అబుల్ ఆస్ కూడా ఉన్నారు. భర్తను విడిపించడానికి కూతురు జైనబ్ (ర.అ) మక్కా నుంచి పంపిన వాటిలో ఒక హారం ఉంది. పెళ్ళినాడు తల్లి ఖదీజా ఆమె మెడలో వేసిన హారం. దాన్ని చూడగానే ఆయన మనసు కరిగిపోయింది. మీకు సమ్మతమైతే ఖైదీని వదిలి, ఆమె సొమ్ము ఆమెకు తిరిగి పంపండని సహాబాను అడిగారు. వాళ్ళు పంపేశారు. మరోసారి ఖదీజా చెల్లెలు హాలా వాకిట్లోంచి ఇజాజత్ అడిగితే, ఆ గొంతు అచ్చం అక్క గొంతులా వినిపించి ఆయన కదిలిపోయారు. ఇంట్లో మేకను కోస్తే ఖదీజా స్నేహితురాళ్ళ ఇళ్ళకు వాటాలు వెళ్ళేవి. ఆ తలపు చూసి, తాను ఎన్నడూ చూడని ఆ సవతి మీద పడినంత ఈర్ష్య ఇంకెవరి మీదా పడలేదని హజ్రత్ ఆయెషాయే ఒప్పుకున్నారు.

సోగ్ మూడు రోజులకు ముగుస్తుంది. మాంసం వాటాలు మాత్రం ఏళ్ళ తరబడి వెళ్తూనే ఉంటాయి.

ఈ మధ్య అమ్మీ బర్సీ వచ్చింది. దేగులు ఎక్కించలేదు. చుట్టాల్లో కొందరికి కోపం వచ్చింది, రానీ. చెల్లెలు కుట్టుమిషన్ తీసుకెళ్ళింది. మొదట్లో దాని ముందు కూర్చుంటే ఏడుపొచ్చి కుట్లు వంకర పోయేవట. ఇప్పుడు ఏడుస్తూనే తిన్నగా కుడుతోంది. అమ్మీ స్నేహితురాళ్ళ పేర్లు అబ్బా ఒక పాత కరెంటు బిల్లు వెనక రాసిచ్చారు. ఏడుగురు. మొదటి పేరు పక్కింటి పెద్దమ్మది. ఈద్ రోజు షీర్ ఖుర్మా డబ్బా ముందుగా ఆ గోడ మీదుగానే వెళ్ళింది. సాయంత్రానికి డబ్బా తిరిగొచ్చింది. మూత తీస్తే చింతకాయ పచ్చడి. అబ్బా ఒక వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, "మీ అమ్మీకి కారం ఇంకొంచెం ఉండాలి" అన్నారు.